పెట్రోలు పట్టని మా కారు, మేస్త్రి బాబాయ్

పదిహేను రోజుల కిందట ఆరో తరగతి పిల్లలకి డిక్టేషన్ చెబుతుంటే నా సెల్లు మోగింది. చేసింది మేస్త్రి షెడ్డు పక్కనుండే టైర్ల షాపాయన. బడి వేళల్లో ఆయన ఎప్పుడూ ఫోన్ చెయ్యడు.

"టీచరమ్మా, మన మేస్త్రి పోయినాడమ్మా. పొద్దున్న కుళాయి కాడ మొకం కడుక్కుంటా అలగే కూలబడిపోనాడు. ఆటో ఎక్కించేలోగానే అయిపోనాది" అన్నాడు. ఇంకెవరికో ఫోన్ చెయ్యాలని పెట్టేసేడు.

పిల్లలు పెన్నులు పట్టుకుని నా మొహంకేసి చూస్తున్నారు. తర్వాత చెప్పవలసిన మాట ఏమిటో నాకు గుర్తు రాలేదు. పుస్తకాలు మూసెయ్యమని చెప్పి బయటికొచ్చి, తాళం తిప్పకుండా కారులో కూర్చున్నాను.

గాజువాకలో కార్లు బాగుచేసే మనిషి పోతే పేపర్లో రాయరు. చాలా ఇళ్లలో ఆ రోజు ఎవరో ఒకరు "అయ్యో" అనుకుని ఉంటారు, అంతే. ఆయన లేకపోతే నా జీవితంలో పద్నాలుగు నెలలు లేవు. ఆ నెలల్ని లెక్కపెట్టుకున్నదాన్ని కాబట్టి నేను రాస్తున్నాను.

ఆయన నాకు చుట్టం కాదు. మాది తగరపువలస అవతల ఒక పల్లె, వరీ చెరుకూ పండించే ఇల్లు. ఆయనది వేటకెళ్లే ఇల్లు. చిన్నప్పట్నుంచీ సముద్రం మీదే. ఫిషింగ్ హార్బర్లో మరబోట్లకి ఇంజన్ డ్రైవరుగా చాలా ఏళ్లు చేసి, ఒకసారి నడిసముద్రంలో ఇంజను ఆగిపోయి నాలుగు రోజులు కొట్టుకుపోయిన తర్వాత, భార్య ఒట్టు పెట్టించుకుంటే ఒడ్డుకొచ్చేసి కార్ల పని పట్టుకున్నారు. ఆ నాలుగు రోజుల గురించి ఆయన ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఎవరైనా డ్రైవరు వచ్చి "చిన్న రిపేరే కదా మేస్త్రీ, రేపు చూద్దాంలే" అంటే మాత్రం, "రోడ్డు మీద ఆగితే దిగి సెయ్యెత్తుతావు. సముద్రంలో ఆగితే ఎవుల్ని లిఫ్ట్ అడుగుతావు?" అనేవారు. నవ్వకుండా అనేవారు.

పొట్టి మనిషి. మోకాళ్ల దాకా ఖాకీ నిక్కరు, మెడలో తువ్వాలు. కారు తెచ్చినవాళ్లని ముందు బల్ల మీద కూర్చోబెట్టి, డాక్టరు అడిగినట్టు అన్నీ అడిగేవారు. ఎప్పుడు మొదలైంది, అంతకు ముందు ఎవరు చెయ్యి పెట్టేరు, చప్పుడు ఎలాంటిది. అన్నీ విన్నాకే బానెట్ ఎత్తేవారు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద, రెండో కొన తన చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవారు. ఆ సమయంలో మాట్లాడితే కోప్పడేవారు.

మావారు పోర్టులో ఒక క్లియరింగ్ ఏజెంటు దగ్గర గుమస్తా. ఓడ పత్రాలు పట్టుకుని తిరగడానికి ఓనరు తను వాడి వదిలేసిన తెల్ల కారొకటి మాకిచ్చేడు. పాత పెట్రోలు బండి. దాన్ని మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లడం, తీసుకురావడం మావారి పని. నాకు అందులో పక్క సీటు ఒక్కటే తెలుసు.

తర్వాత మావారి కిడ్నీలు రెండూ పాడయ్యేయని తేలింది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, సిటీలో డయాలసిస్. మొదట్లో ఆయనే నడుపుకుంటూ వెళ్లేరు. ఒకరోజు తిరిగొస్తూ కాన్వెంట్ జంక్షన్ దగ్గర కళ్లు తిరిగి కారుని డివైడర్ మీదికి ఎక్కించేరు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ మర్నాడు మేస్త్రి మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి, "అల్లుడు ఇంక స్టీరింగ్ పట్టకూడదు. టీచరమ్మా, రేపు ఆరింటికి గ్రౌండుకి రా, నాను నేర్పుతాను" అన్నారు.

"నా వల్ల కాదు బాబాయ్, నాకు సైకిలే రాదు" అన్నాను.

"సైకిల్ పడిపోతాది. కారు పడిపోదు. రా."

అలా ముప్పై అయిదేళ్ల వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. రోడ్డు మీద లారీలవాళ్లు తొంగి చూసి నవ్వేవాళ్లు. "నువ్వు అద్దంలోకి సూడు, ఆల్ల మొకాలకేసి సూడకు" అనేవారు బాబాయ్.

నడపడం వచ్చింది. తర్వాత కొన్నాళ్లకి కారు పెట్రోలు పట్టడం మానేసింది.

ఎలా అంటే, బంకులో పైపు గన్ను ట్యాంకులో పెట్టి నొక్కగానే, అర లీటరు కూడా పోకముందే టక్కుమని ఆగిపోయేది. మళ్లీ నొక్కితే మళ్లీ టక్. గట్టిగా పట్టుకుని పోస్తే గుడగుడమని శబ్దం చేసి పెట్రోలంతా వెనక్కి కక్కేది. కుర్రాడి చొక్కా తడిసేది. వెనకాల హారన్లు. ఒక్కో బంకువాడు ఒక్కో మాట అన్నాడు. ట్యాంకు నిండిపోయిందమ్మా అన్నాడొకడు. మీటరు ముల్లు చూస్తే అడుగున ఉంది. బండి అటు తిప్పి పెట్టమన్నాడొకడు. మూత మార్చమన్నాడొకడు. అయిదు లీటర్లు పోయించుకోడానికి పావుగంట పట్టేది. దారిలో ఉన్న బంకులన్నింటిలోనూ నా కారుని గుర్తుపట్టి, నేను వస్తుంటే మొహం తిప్పుకునేవాళ్లు.

నవ్వులాటగా అనిపించవచ్చు. మంచంలో ఒక మనిషి నీరు పట్టి, చేతులు కాళ్లు ఉబ్బి, మంగళవారం నుంచి శుక్రవారం దాకా గంటలు లెక్కపెడుతూ ఉంటే అది నవ్వులాట కాదు. గురువారం వచ్చిందంటే పొద్దున్నుంచీ ఆ ముల్లుకేసే చూసేదాన్ని. రేపటికి పెట్రోలు ఉందా? పోయిస్తే పడుతుందా? కొన్నిసార్లు బంకులో నిలబడి ఆ కారుని చేత్తో గుద్దో కాలితో తన్నో పగలగొట్టెయ్యాలనిపించేది. ఒకసారి డోరుని చెప్పుతో కొట్టేను కూడా.

సిటీలో ఒక పెద్ద షాపుకి తీసుకెళ్తే ట్యాంకు మార్చాలి అన్నారు. ఇంకొకాయన ట్యాంకు లోపల సొట్ట అన్నాడు. చివరికి, ముందే వెళ్లాల్సిన చోటికి వెళ్లేను.

బాబాయ్ ఎప్పటిలాగే నన్ను బల్ల మీద కూర్చోబెట్టేరు.

"పోసినపుడు ఏటి సప్పుడొత్తాది?"

"గుడగుడమంటాది బాబాయ్."

"ముందా, ఎనకా? టక్కుమన్నాక గుడగుడా, గుడగుడన్నాక టక్కా?"

నాకు తెలీదన్నాను. ఆయన ఒక డబ్బాలో పెట్రోలు తెచ్చి, గరాటా పెట్టి సన్నటి ధారగా పోస్తూ, చెవి కారు పక్కకి ఆనించి విన్నారు. తర్వాత వెనక చక్రం విప్పి కిందికి దూరేరు. లోపల్నుంచే నాకు పాఠం చెప్పేరు. ట్యాంకుకి రెండు గొట్టాలుంటాయి. లావుదాంట్లోంచి పెట్రోలు లోపలికెళ్తుంది. సన్నదాంట్లోంచి లోపలున్న గాలి బయటికి రావాలి. "కాళీ ట్యాంకంటే కాళీ కాదమ్మా, గాలితో నిండుంటాది. అది బయటికెల్తేనే పెట్రోలు లోనికెల్తాది" అన్నారు.

సన్న గొట్టం పైకొన విప్పి నోట్లో పెట్టుకుని ఊదేరు. ట్యాంకులో బుడబుడమంది. "ఇది బాగానే ఉంది" అన్నారు. లావు గొట్టం మెలిపడి ఉందని దాన్ని సరిచేసి, క్లిప్పు మార్చేరు. డబ్బాతో మళ్లీ పోస్తే చక్కగా వెళ్లింది. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. ఆ రోజు ఇంటికొచ్చి మావారికి చెబితే, ఆయన మంచం మీంచే రెండు చేతులూ జోడించి షెడ్డున్న వైపు దణ్ణం పెట్టేరు.

మర్నాడు బంకుకెళ్లి తీరిగ్గా చూసుకోవలసింది. వెళ్లలేదు. డబ్బాతో పోసినంత పెట్రోలు ఆ వారానికి సరిపోయింది. ఈలోగా ట్యాంకర్ లారీలవాళ్లు సమ్మె మొదలెట్టేరు.

నాలుగోరోజుకి బంకులు చాలావరకు మూసేసేరు. ఆటోలు కూడా ఎక్కడివక్కడే ఆగిపోయేయి. ఆ మంగళవారం ఆస్పత్రిలో మిషను మధ్యలో పాడై, మావారికి సగం డయాలసిస్సే చేసి పంపించేసేరు. గురువారానికి ఆయన పడుకోలేకపోతున్నారు. వెనక్కి వాలితే ఊపిరాడేది కాదు. రెండు దిండ్లు ముందు పెట్టుకుని వాటి మీదికి ఒరిగి కూర్చునేవారు. "శుక్రవారం దాకా ఆగగలనంటావా?" అని నన్ను అడిగేరు. ఎన్నేళ్లయినా ఆ ప్రశ్న నా చెవుల్లోంచి పోలేదు.

గురువారం సాయంత్రం గాజువాకలో ఒక్క బంకు తెరిచేరని తెలిసి పరిగెత్తేను. ట్యాంకులో దాదాపు ఏమీ లేదు. క్యూ ఫర్లాంగు దూరం ఉంది. రెండు గంటలు నిలబడ్డాక నా వంతొచ్చింది. గన్ను పెట్టేడు. టక్.

మళ్లీ పెట్టేడు. టక్.

"మెల్లగా పొయ్యి బాబూ, మెల్లగా పోస్తే పడుతుంది" అన్నాను.

"మెల్లగా పోడానికి ఇదేటి పాలా? ఎనకాల సూసేవా ఎంత మందో?"

వెనకాల నిజంగానే రోడ్డంతా నిండిపోయి ఉంది. ఎవరో అరిచేరు, "ట్యాంకు పుల్లయినా ఇంకా పోయించుకుంటందిరా! పక్కకి తియ్యమ్మా!" ఇంకెవరో డిక్కీ మీద చేత్తో బాదేరు. ట్యాంకు నిండలేదని, ఇంట్లో మనిషి ఉన్నాడని, రేపు పొద్దున్న వెళ్లకపోతే ఉండడని చెబుతూనే ఉన్నాను. ఎవరికీ వినిపించలేదు. డబ్బాలో పొయ్యమంటే, సమ్మె రోజుల్లో డబ్బాలకి పొయ్యం అన్నాడు. లీటరు కూడా పట్టలేదు. నన్ను పక్కకి తోసేసేరు. బంకు గోడకానుకుని ఏడ్చేను. నా చుట్టూ బళ్లు నింపుకుని వెళ్లిపోతున్నాయి. తిరిగొచ్చే దారిలో చూస్తే బాబాయ్ షెడ్డు అప్పటికే మూసేసి ఉంది.

మర్నాడు పట్టిన ఆ కాస్తతోనే బయల్దేరేను. మావారిని వెనక సీట్లో దిండ్ల మీదికి ఒరగబెట్టి, ఎక్కడా బ్రేకు వెయ్యకుండా, పల్లం వచ్చినచోటల్లా ఇంజను ఆపేసుకుంటూ నడిపేను. షీలానగర్ దాటేం. ఎయిర్‌పోర్టు దాటేం. ఎన్.ఎ.డి. జంక్షన్ ఇంకా కిలోమీటరుందనగా కారు రెండుసార్లు కుదిపి ఆగిపోయింది.

వెనక్కి తిరిగి చూసేను. మావారి పెదాలు నీలంగా ఉన్నాయి. మాట్లాడడం లేదు, చేతితో "వెళ్లు" అని సైగ చేసేరు. ఎక్కడికి వెళ్లను? చెయ్యెత్తితే రెండు కార్లు ఆగకుండా పోయేయి. రోడ్డవతల ఎస్టీడీ బూత్ కనిపించింది. నాకు నోటికొచ్చిన నంబరు ఒక్కటే, టైర్ల షాపుది.

"బాబాయ్‌ని పిలవండి" అన్నాను. బాబాయ్ వచ్చి హలో అనగానే ఏం చెప్పేనో నాకు తెలీదు. ఎక్కడున్నానో మాత్రం చెప్పినట్టున్నాను.

"కదలకు. ఒత్తన్నాను" అన్నారాయన.

అరగంట లోపే మోపెడ్ మీద వచ్చేరు. ముందు కాళ్ల మధ్య పెట్రోలు డబ్బా, భుజాన పైపుల చుట్ట. షెడ్డులో రిపేరుకున్న మూడు బళ్లలోంచి పెట్రోలు తీసి తెచ్చేరని తర్వాత తెలిసింది. వాటి ఓనర్ల ఇళ్లకి ఆ సాయంత్రమే వెళ్లి, "మీ బండిలోంచి తీసేను, ఒక ప్రాణం కోసం తీసేను" అని చెప్పి వచ్చేరట.

ట్యాంకులో పొయ్యబోతే అది మళ్లీ వెనక్కి కక్కింది. పెట్రోలు రోడ్డు మీద పారింది. ఆయన ఒక్క క్షణం ఆ తడిని చూస్తూ నిలబడ్డారు. ఆయన మొహంలో అలాంటి భయం నేను అంతకు ముందుగానీ తర్వాతగానీ చూళ్లేదు. "మెల్లగా పోత్తా కూకోడానికి టైము నేదు" అంటూ బానెట్ ఎత్తి, ట్యాంకు నుంచి ఇంజనుకొచ్చే పైపు పీకేసి, తను తెచ్చిన పైపు ఒక కొన దానికి తగిలించి, రెండో కొన డబ్బాలో దింపేరు. డబ్బాని ఇంజను పక్కన, వేడి తగలని మూలకి తాడుతో కట్టేరు. బానెట్ పూర్తిగా మూతపడలేదు. దాన్ని కూడా తాడుతో బిగించేరు.

"నువ్వు ఎనకాల కూకో. అల్లుణ్ని పట్టుకో. నాను నడుపుతాను" అన్నారు. తాళం తిప్పే ముందు నా వైపు తిరిగి, "ఇది సెయ్యకూడని పని టీచరమ్మా. మంటొచ్చిందంటే డోరు తీసి అల్లుణ్ని లాగెయ్యి. నా కోసం సూడకు" అన్నారు.

ఎన్.ఎ.డి., కంచరపాలెం, రైల్వే స్టేషన్. ఆ దారంతా నేను మావారి తల నా భుజం మీద పెట్టుకుని, ముందు తాళ్లతో కట్టి ఉన్న ఆ బానెట్‌నే చూస్తూ కూర్చున్నాను. బాబాయ్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. సగం తెరిచిన బానెట్ అడ్డమై రోడ్డు కనపడక, తల కిటికీలోంచి బయట పెట్టి నడిపేరు.

ఆస్పత్రిలో స్ట్రెచర్ మీదికి ఎక్కించేక నర్సు నన్ను కేకలేసింది, ఇంత ఆలస్యంగానా తీసుకురావడం అని. నా తరఫున సమాధానం చెప్పడానికి బాబాయ్ ముందుకొచ్చేరు. ఆయన ఒంటినిండా పెట్రోలు వాసన. "నువ్వెవరు, బయటికెళ్లు, ఆక్సిజన్ ఉంటుందిక్కడ" అందావిడ. ఆయన బయటికెళ్లిపోయేరు. నాలుగు గంటల తర్వాత నేను మెట్ల దగ్గరికొచ్చి చూస్తే అక్కడే, ఎండలో, గోడకానుకుని కూర్చుని ఉన్నారు.

"ఊపిరి తీసుకుంటున్నారు బాబాయ్. మంచినీళ్లు అడిగేరు" అన్నాను.

ఆయన తువ్వాలుతో మొహం కప్పుకున్నారు. తర్వాత తువ్వాలు తీసి, "తప్పు నాదమ్మా" అన్నారు. "ఆయేల ఆ సన్న గొట్టం నాను ఒకేపు నుంచే ఊదేను. రెండో ఏపు నుంచి ఊదనేదు. డబ్బాతో మెల్లగా పోసి బాగయిందన్నాను. బంకు స్పీడుకి సూడనేదు. ఇందాక రోడ్డు మీద కక్కినపుడు తెలిసింది నాకు. నా బద్దకం నీ కొంప ముంచేసేది."

జీవితంలో ఎంతోమంది డాక్టర్లని, అధికారుల్ని, మా బంధువుల్ని చూసేను. తప్పు నాది అని, ఎవరూ అడక్కుండానే, ఎండలో కూర్చుని చెప్పిన మనిషిని ఆ ఒక్కరినే చూసేను.

శనివారం పొద్దున్నే ట్యాంకు మొత్తం కిందికి దించేరు. ఆ సన్న గొట్టాన్ని విప్పి మా ఇంటికే పట్టుకొచ్చేరు, మావారికి చూపించాలని. మావారు వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. బాబాయ్ చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని, గొట్టాన్ని కూడా కడిగి తెచ్చి పైకొన నా చేతికిచ్చి ఊదమన్నారు. గాలి వెళ్లింది. తిప్పి కిందికొన ఊదమన్నారు. బుగ్గలు పగిలేలా ఊదినా వెళ్లలేదు.

తర్వాత బ్లేడుతో గొట్టాన్ని నిలువునా కోసేరు. పైకి కొత్తదానిలా ఉంది. లోపలి రబ్బరు మాత్రం ఒకచోట పొరలా లేచిపోయి, తాటిముంజె మీద తొక్కలా ఊగుతోంది. గాలి లోపలికెళ్లేటప్పుడు ఆ పొర అణిగిపోతుంది, బయటికొచ్చేటప్పుడు లేచి దారి మూసేస్తుంది. అందుకే కారు మామూలుగా నడుస్తుంది, పెట్రోలు మాత్రం పట్టదు.

మావారు ఆ ముక్కని వేళ్లతో తడుముతూ, "ఇంత పొరా మామా, నన్ను చంపబోయింది?" అన్నారు.

"నీ బరువెంత, దీని బరువెంత అల్లుడూ" అన్నారు బాబాయ్. మావారు నవ్వేరు. నవ్వితే దగ్గొచ్చింది, అయినా నవ్వేరు. ఆ ఇంట్లో ఎన్నో నెలల తర్వాత విన్న నవ్వది.

హార్బర్ నుంచి బోట్లకి వాడే మందపాటి గొట్టం తెచ్చి బాబాయ్ బిగించేరు. సమ్మె ముగిసిన రోజు ముగ్గురం కలిసి బంకుకెళ్లేం. నన్ను పక్కకి తోసిన అదే బంకు. కుర్రాడు గన్ను పెట్టేడు. నేను కళ్లు మూసుకున్నాను. టక్కు కోసం ఎదురుచూస్తున్నాను. బాబాయ్ కారుకి చెవి ఆనించి, "ఇను టీచరమ్మా, గాలి బయటికెల్తంది" అన్నారు. నాకేమీ వినిపించలేదు. కళ్లు తెరిస్తే మీటరు మీద అంకెలు తిరుగుతున్నాయి. అయిదు లీటర్లు, పది, పదిహేను. ఎక్కడా ఆగలేదు. నిండేదాకా ఆగలేదు. నేను బంకు మధ్యలో, అందరి ముందూ, రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చేను. ఏమైందమ్మా అని అడిగేడు కుర్రాడు. "ఏటీ నేదు, ట్యాంకు నిండింది" అన్నారు బాబాయ్.

ఆయన మూడో తరగతి దాకా చదివేరు. ఆ వారం నన్ను షెడ్డుకి పిలిచి, సున్నం గోడ మీద నల్లరంగుతో రాయమన్నారు. ఏం రాయాలంటే, "గొట్టం రెండేపులా ఊదాల. బంకుకి ఎల్లి సూడాల." కింద తన పేరు కూడా రాయించుకున్నారు. ఎందుకు బాబాయ్ అంటే, "తప్పు గోడ మీదుంటే రోజూ కనపడతాది" అన్నారు. తర్వాత తర్వాత ఇంకా కొన్ని రాయించుకున్నారు. నా దస్తూరీ ఆ గోడంతా ఉంది.

మావారు ఆ తర్వాత పద్నాలుగు నెలలు ఉన్నారు. ఆ పద్నాలుగు నెలల్లో ఒక్క మంగళవారంగానీ, ఒక్క శుక్రవారంగానీ ఆ కారు మమ్మల్ని ఆపలేదు. ఒక ఆదివారం రుషికొండ కూడా వెళ్లేం. ఇసకలో దిగలేకపోయేరు, కారు తలుపు తీసుకుని కూర్చుని నీళ్లకేసి చూసేరు. చివరికి డయాలసిస్ లేని ఒక బుధవారం మధ్యాహ్నం, అన్నం తిని, కొంచెం పడుకుంటానని పడుకుని వెళ్లిపోయేరు. బాబాయ్ వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చుని, ఆయన పాదం మీద చెయ్యి వేసి ఉంచేరు. ఎవరు లేవమన్నా లేవలేదు.

పదకొండో రోజు వెళ్లేక, ఇంక నీకు కారెందుకు అమ్మెయ్యమని మా వాళ్లంతా అన్నారు. ఆ బండిని చూస్తే నాకూ భయంగానే ఉండేది. బాబాయ్ ఒక్కరే వద్దన్నారు. "భయమేస్తే నెల్లాళ్లు షెడ్డులో ఉంచుతాను. అమ్మకు. నడపడం వచ్చినోళ్లు మర్సిపోకూడదు" అన్నారు. నెల కాదు, అయిదు నెలలు ఉంచేరు. వారానికోసారి స్టార్ట్ చేసి, తుడిచి పెట్టేరు. నేనే ఒకరోజు వెళ్లి తాళం అడిగేను. నిక్కరు జేబులోంచి తీసి ఇచ్చేరు.

ఆయన్ని తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది వాళ్ల తమ్ముడి కూతురి పెళ్లి. మావారు పోయి రెండేళ్లయింది. కళ్యాణమండపానికి వెళ్లేనేగానీ లోపలికి వెళ్లాలనిపించలేదు. ముహూర్తం వేళకి నాలాంటిది ఎదురుగా ఉంటే ఎవరైనా ఏమైనా అనుకుంటారని, బయట కార్లు ఆపిన చోట నిలబడిపోయేను. అక్కడ ఒక కారు కింద నుంచి రెండు కాళ్లు కనిపించేయి. కొత్త పట్టుపంచె అంచు, పసుపు రాసిన పాదాలు. మగపెళ్లివారి కారు పెట్రోలు కారిపోతోందట.

"బాబాయ్, మేళం మోగుతోంది. మీ కోసం లోపల వెతుకుతున్నారు" అన్నాను.

"ఎల్లలేనమ్మా, పైపుకి ఏలు అడ్డం పెట్టేను. తీస్తే కారిపోతాది. క్లిప్పు కోసం ఒకడెల్లేడు, ఇంకా రానేదు. నువ్వెల్లి అచ్చింతలు పట్రా."

"నేనా బాబాయ్?"

"నువ్వు కాపోతే ఎవులు? బేగి ఎల్లు, తాళి కట్టేత్తారు."

వెళ్లేను. పళ్లెం పట్టుకున్న ముసలావిడ నా మొహం చూసి ఒక్క క్షణం ఆగింది. "పెదనాన్నకి" అన్నాను. దోసిట్లో పోసింది. పరిగెత్తుకొచ్చి కారు దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాను. కింద నుంచి ఖాళీగా ఉన్న చెయ్యి బయటికి చాపి, "సగం నాకియ్యి, సగం నువ్వుంచుకో" అన్నారు.

లోపల మేళం ఒక్కసారిగా జోరందుకుంది. "ఎయ్యమ్మా" అన్నారు. కారు కింద నుంచే ఆయన మండపం వైపు విసిరేరు. నేనూ విసిరేను. అవి మండపం దాకా వెళ్లలేదు, తారు మీద, చక్రాల మీద, నా చీర మీద పడ్డాయి. ఆయన చెయ్యి ఇంకా బయటే ఉంది, వెల్లకిలా, గ్రీజుతో నల్లగా. అరచేతికి నాలుగు పసుపు గింజలు అంటుకుని ఉన్నాయి.